సున్నపు గోడకు సిమెంటు వైద్యం: పాత యూనివర్సిటీ భవనాల మరమ్మతులో తేడా ఎక్కడ?

హైదరాబాద్ కోఠిలో, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయానిదైన బ్రిటిష్ రెసిడెన్సీ కట్టడం మొదలైంది 1803లో. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. అంటే ముందువైపు ఆరు భారీ స్తంభాలు, దర్బార్ హాలు, రెండు వైపులా తిరిగి పైకెళ్లే మెట్లు అన్నీ పూర్తయి పదిహేనేళ్లు దాటాక గానీ ఈరోజు మనం సిమెంటు అంటున్న పొడి పుట్టలేదు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాత యూనివర్సిటీ భవనాల మరమ్మతుల్లో తేడా ఎక్కడ కొడుతోందో చాలావరకు తెలిసిపోతుంది. ఇటుక, సున్నంతో లేపిన గోడను సిమెంటుతో బాగుచేస్తున్నాం. బాగుచేసిన ప్రతిసారీ ఇంకొంచెం పాడుచేస్తున్నాం.

రెసిడెన్సీ కథ మన పాఠకులకు కొత్తేమీ కాదు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ దీన్ని తలపెట్టాడు. మద్రాసు ఇంజనీర్స్‌కు చెందిన శామ్యూల్ రస్సెల్ డిజైన్ గీశాడు. ఖర్చు నిజాంది. ఖైరున్నీసాతో పెళ్లి వల్ల కిర్క్‌పాట్రిక్ పేరు కథల్లోకి ఎక్కింది గానీ, పూర్తయిన భవనంలో ఉండే యోగం ఆయనకు లేకపోయింది. 1805లో కలకత్తాలో చనిపోయాడు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి నడిపిన దాడి జరిగింది ఈ రెసిడెన్సీ మీదే. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో ఉస్మానియా వాళ్ల మహిళా కళాశాల ఇక్కడికి మారింది. ఎన్నో ఇళ్లలో అమ్మమ్మలు, అమ్మలు 'కోఠి విమెన్స్ కాలేజీ'లో చదివామని చెప్పుకునేది దీని గురించే. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం.

2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ మరుసటి ఏడాది ఇదే నగరంలో, హైటెక్ సిటీ వైపు కట్టిన సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. ఒకే ఊళ్లో, ఏడాది తేడాతో, ఒక భవనం పర్యావరణానికి నమూనాగా నిలిస్తే ఇంకోటి కూలిపోయే జాబితాలో చేరింది. ఈ రెండు వార్తలకూ సంబంధం ఉందని అప్పట్లో ఎవరికీ తట్టినట్టు లేదు. నిజానికి రెండూ ఒకే లెక్కకు సంబంధించినవి.

కూల్చి కడితే ఏమవుతుంది

పాత భవనం ఎందుకు ఉంచాలి అంటే చరిత్ర, అందం, వారసత్వం అని చెప్పడం అలవాటు. అవి నిజమే. కానీ ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి అవి సరిపోవు. ఆయన ముందు ఒక పక్క మరమ్మతు ఎస్టిమేటు, ఇంకో పక్క కొత్త బ్లాకు ఎస్టిమేటు ఉంటాయి. కొత్తదానిలో తరగతి గదులు ఎక్కువ, కరెంటు బిల్లు తక్కువ అని కన్సల్టెంటు రాసిచ్చి ఉంటాడు. ఇక్కడే కార్బన్ లెక్క పనికొస్తుంది.

ఒక టన్ను మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు తయారైతే దాదాపు 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు పరిశ్రమదే. దానికి స్టీలు, ఇటుక, అల్యూమినియం కిటికీలు, టైల్సు, రవాణా, కూల్చిన పాత గోడల చెత్తను మోసుకెళ్లే లారీలు కలుపుకోవాలి. ఇదంతా భవనం ప్రారంభోత్సవానికి ముందే అయిపోయే ఖర్చు. కొత్త భవనం కరెంటు ఎంత ఆదా చేసినా, ముందు ఈ అప్పు తీర్చాలి. అమెరికాలో నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 2011లో చేసిన అధ్యయనం ప్రకారం ఆ అప్పు తీరడానికి, భవనం రకాన్ని బట్టి, 10 నుంచి 80 ఏళ్లు పడుతుంది.

ఆ అంకెలు అమెరికావి. అక్కడ భవనాలకు చలికాలం హీటింగు, ఎండాకాలం ఏసీ రెండూ కావాలి. మన కాలేజీ గదిలో ఉన్నవి నాలుగు ఫ్యాన్లు, ఆరు ట్యూబులైట్లు. పగలే పాఠాలు. వాడేదే అంత తక్కువైనప్పుడు కొత్త భవనం అందులో ఆదా చేయగలిగేది ఏముంటుంది? ఫ్యాన్లతో నడిచే తరగతి గదుల భవనాన్ని కూల్చి, గ్రీన్ రేటింగ్ ఉన్న ఏసీ భవనం కడితే అప్పు తీరకపోగా వడ్డీ కూడా పెరుగుతుంది. మన వాతావరణంలో పాత భవనాన్ని ఉంచాలనే వాదన అమెరికాలో కంటే ఇక్కడే బలంగా నిలబడుతుంది.

ఇందులో ఒక మెలిక మాత్రం ఉంది. 1803లో ఇటుకలు కాల్చడానికి తగలబెట్టిన కట్టెల లెక్క ఇప్పుడు అనవసరం. అది అయిపోయింది, దాన్ని కాపాడటం కుదరదు. కాపాడగలిగింది, దాని బదులు కొత్తది కట్టినప్పుడు రాబోయే పొగ మాత్రమే. 'పాత గోడల్లో కార్బన్ దాచి ఉంది' అని సెమినార్లలో వినిపించే మాట ఈ తేడాను కప్పేస్తుంది.

గోడలో నీరు ఏ దారిన పోతుంది

భవనం ఉంచుకోవాలని నిర్ణయించాక అసలు చిక్కు మొదలవుతుంది.

సున్నం, ఇటుకతో కట్టిన మందపాటి గోడల్లో డీపీసీ, అంటే నేల తేమను పైకి ఎక్కనివ్వని అడ్డుపొర, ఉండదు. భూమిలోని తేమ ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. వానాకాలం ఇంకొంచెం ఎక్కువ. కట్టినవాళ్లకు ఇది తెలుసు. అందుకే తేమను ఆపే ప్రయత్నం చేయలేదు, పోయే దారి ఉంచారు. సున్నపు గచ్చు మెత్తన, రంధ్రాలు ఎక్కువ. ఎక్కిన తేమ గచ్చు గుండా ఆవిరై పోతుంది. వస్తూ వస్తూ తెచ్చిన ఉప్పు గచ్చు మీద తెల్లగా పేరుకుంటుంది, కొన్నేళ్లకు గచ్చు అక్కడక్కడా రాలుతుంది. రాలినచోట మళ్లీ గచ్చు వేస్తారు. పాడయ్యేది పైపూత, నిలిచేది గోడ.

దానిమీద సిమెంటు ప్లాస్టరింగు చేయడమంటే చెమట పట్టిన ఒంటికి రెయిన్‌కోటు తొడగడమే. తేమకు బయటికి దారి ఉండదు కాబట్టి అది ఇంకా పైకి ఎక్కుతుంది. మొదట రెండడుగుల ఎత్తున ఉన్న చెమ్మ గీత నాలుగడుగులకు చేరుతుంది, లేదా గోడ లోపలివైపు తేలుతుంది. ఉప్పు ఇప్పుడు పైన కాదు, సిమెంటు పూత వెనకాల, ఇటుక ముఖం మీద గడ్డకడుతుంది. ఉప్పు స్ఫటికాలు పెరిగే కొద్దీ ఇటుకను పిండి చేస్తాయి. బయటికి గోడ నున్నగా, కొత్త రంగుతో మెరుస్తూ కనిపిస్తుంది. వేళ్లతో తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. ఒకరోజు సిమెంటు పెచ్చు ఊడిపడుతుంది. తిప్పి చూస్తే దాని వెనక అర అంగుళం మందాన ఎర్రటి ఇటుక కూడా అంటుకుని వచ్చేసి ఉంటుంది. సున్నపు గచ్చు రాలితే గోడకు నష్టం లేదు. సిమెంటు రాలినప్పుడు గోడలో కొంత దానితోపాటే పోతుంది.

దీనికి తోడు గట్టిదనంలో తేడా. పాత ఇటుక మెత్తనిది, సున్నం కొద్దిగా సాగుతుంది. ఎండకు, చలికి గోడ కాస్త అటూ ఇటూ కదిలినా అతుకులే ఆ కదలికను సర్దుకుంటాయి. సన్నటి పగుళ్లను సున్నం కాలక్రమంలో తనే పూడ్చుకుంటుంది కూడా. సిమెంటు కదలదు. అతుకు గట్టిగా ఉంటే పగిలేది ఇటుకే.

కాబట్టి పాత భవనానికి చేయాల్సిన మొదటి 'గ్రీన్' పని, గత యాభై ఏళ్లలో చేసిన మరమ్మతులను జాగ్రత్తగా తీసేయడం. సిమెంటు పూత, ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు, గోడ మొదట్లో ఎవరో పోసిన కాంక్రీటు ప్లాట్‌ఫారం, తారు మీద తారు వేసి వేసి భవనం నేల కంటే పైకి లేచిన రోడ్డు. చివరిదాన్ని ఎవరూ భవనం సమస్యగా చూడరు. రోడ్డు అడుగు లేచిందంటే వాన నీళ్లు గోడ మీదికి మళ్లాయన్నమాటే.

పాత భవనం అనగానే సున్నమే అనుకోవడమూ పొరపాటే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది 1934లో, ప్రారంభమైంది 1939లో. అప్పటికి మన దగ్గర సిమెంటు బాగానే వాడుకలోకి వచ్చింది. ఒకప్పుడు ఒకే యూనివర్సిటీకి చెందినవైనా, కోఠి భవనానికి, ఆర్ట్స్ కాలేజీకి మధ్య నూట ముప్పై ఏళ్ల తేడా ఉంది. ఒకదానికి రాసిన మందుచీటీ ఇంకోదానికి పనికిరాదు. గోడలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపి, అందులో సున్నం ఎంత, ఇసుక ఎంత, ఇటుక పొడి ఎంత అని తేల్చాకే పనికి దిగాలి.

డంగు సున్నం

సున్నం అంటే గోడకు కొట్టే వెల్ల అని మాత్రమే తెలిసిన తరం వచ్చేసింది కాబట్టి, ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి.

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. 100 కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. కోస్తాలో అయితే రాయి బదులు చిప్పలు కాల్చి గుల్ల సున్నం చేసేవారు. కాల్చిన సున్నాన్ని గోతిలో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి, విరిగి, వెన్నలా మెత్తబడుతుంది. దాన్ని అలాగే నీళ్ల కింద వారాల తరబడి నానబెడతారు. ఎంత నానితే అంత మంచిది. తర్వాత గుండ్రటి రాతి కాలువలో వేసి, ఇసుక, ఇటుక పొడి కలిపి, రాతి చక్రంతో నూరతారు. ఒకప్పుడు ఆ చక్రాన్ని ఎద్దులు తిప్పేవి, ఇప్పుడు మోటారు గానుగలు వచ్చాయి. ఇదే డంగు సున్నం. కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి ఊరబెట్టిన నీళ్లు ఇందులో పోస్తారు. బెల్లం వల్ల గచ్చు తొందరగా బిగుసుకోకుండా మేస్త్రి చేతికి లొంగుతుంది, కరక్కాయ పట్టు ఇస్తుంది. మెరుపు కావాల్సిన పై పొరకు కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన కూడా వాడేవారు.

గోడకు ఒకేసారి మందంగా పట్టించకూడదు. పలచగా ఒక పొర వేసి, బిగిసే దాకా ఆగి, తర్వాతది వేయాలి. ఎండలో తొందరగా ఆరితే పగుళ్లు వస్తాయి కాబట్టి తడిగోనెలు కట్టి నీడ కల్పించాలి. చివరి పొరను నున్నటి రాయితో గంటల కొద్దీ రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మద్రాసు చునం అని పేరుపడ్డ ఆ మెరుపు చూసి, పాతకాలపు యూరోపియన్ ప్రయాణికులు దాన్ని పాలరాయి అనుకున్న సందర్భాలు ఉన్నాయి.

పర్యావరణం వైపు నుంచి చూస్తే సున్నానికి ఒక సుగుణం ఉంది. కాల్చినప్పుడు రాయి నుంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగాన్ని గోడ మీద గట్టిపడేటప్పుడు గాలిలోంచి నెమ్మదిగా తిరిగి తీసుకుంటుంది. అలా తీసుకోవడమే గట్టిపడటం. సిమెంటు పొడి కావడానికి ముందు బట్టీలో తయారయ్యే క్లింకర్ గడ్డలకు 1450 డిగ్రీల వేడి కావాలి, సున్నానికి అంత అక్కర్లేదు. అలాగని సున్నం పనికి కాలుష్యమే లేదనడం అబద్ధం. బట్టీలో తగలేసిన ఇంధనం పొగ ఎక్కడికీ తిరిగిరాదు, పాత పద్ధతి బట్టీల్లో వేడి వృథా కూడా ఎక్కువే. సున్నం గెలిచేది కిలోకు కిలో లెక్కలో కాదు. సిమెంటు మరమ్మతు పది పదిహేనేళ్లకు మళ్లీ చేయాల్సి వస్తుంది, పైగా గోడను తింటుంది. సున్నం గోడను నిలబెడుతుంది. ఈ తేడా దగ్గరే లెక్క తేలిపోతుంది.

పైకప్పు

గోడ కంటే ముందు చూడాల్సింది పైకప్పు, ఎందుకంటే పెద్ద నష్టమంతా అక్కడినుంచే దిగుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు దక్షిణాది భవనాల్లో ఎక్కువగా కనిపించేది మద్రాస్ టెర్రస్. టేకు దూలాలు, వాటిమీద సన్నటి వాసాలు, వాటిమీద నిలువుగా, ఏటవాలు వరసల్లో పేర్చిన చిన్న ఇటుకలు, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు. దాన్ని ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆపైన పలచటి పెంకులు.

ఇది కారడం మొదలుపెడితే పీడబ్ల్యూడీ కాలం నుంచి ఉన్న మందు ఒక్కటే, పైన ఇంకో పొర. కొన్నాళ్లకు అదీ కారుతుంది, ఇంకో పొర. ఆ తర్వాత తారు షీటు. ఒక అడుగు మందానికి చేరిన ఆ బరువంతా మోసేది రెండు వందల ఏళ్ల నాటి దూలం. దూలం మధ్యలో బాగానే ఉంటుంది, పుచ్చిపోయేది గోడలోకి చొచ్చుకుపోయిన చివరన. ఆ చివర సిమెంటు పూసిన తడిగోడలో ఇరుక్కుని ఉంటుంది. కింద హాల్లో కూర్చున్నవాళ్లకు అది కనిపించదు. రంగుల అలంకరణ ఉన్న సీలింగు అయితే అసలు కనిపించదు.

సరైన పని దీనికి తలకిందులుగా ఉంటుంది. తర్వాత వేసిన పొరలన్నీ ఒలిచి బరువు దించాలి. దూలాల చివర్లు తెరిచి చూసి, పుచ్చినంతవరకే కోసి, అదే కలప అతకాలి లేదా స్టీలు బూటు తొడగాలి. వాలు సరిచేయాలి, నీటి గొట్టాలు పెంచాలి. పాత గొట్టాలు ఇప్పటి కుండపోత వానలకు చాలవు, రెండు గంటల్లో పది సెంటీమీటర్లు కురిసే రోజులివి. పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని పీకేస్తే సరిపోదు, వేరు చచ్చేదాకా వెంటపడాలి.

కోఠిలో ఈ రకం పనికి పట్టిన సమయం గమనించండి. 2002లో జాబితాకెక్కిన భవనం, సంప్రదాయ పద్ధతుల్లో మరమ్మతులు పూర్తిచేసుకుని తలుపులు తెరిచింది 2023 జనవరిలో. రెండు దశాబ్దాలు. ఇందులో పని చేసిన కాలం కంటే డబ్బు, అనుమతులు, నిర్ణయాల కోసం ఆగిన కాలం ఏమాత్రం తక్కువ కాదు. అలా ఆగిన ప్రతి వానాకాలమూ ఎస్టిమేటును పెంచేదే.

ఏసీ ప్రశ్న

పునరుద్ధరణ అయ్యాక యూనివర్సిటీ వాళ్లు మొదట అడిగేది ఏసీ. వైస్ చాన్సలర్ ఆఫీసో, సెమినార్ హాలో పాత భవనంలోకి వస్తే అది ఎలాగూ తప్పదంటారు.

రెండడుగుల మందం గోడ మధ్యాహ్నపు వేడిని పీల్చుకుని లోపలికి పంపేసరికి రాత్రవుతుంది, అప్పటికి క్లాసులు అయిపోతాయి. ఎత్తైన గదిలో వేడిగాలి తలల పైకి చేరి, పై కిటికీల గుండా పోతుంది. ఇది పనిచేయాలంటే రాత్రిళ్లు చల్లబడాలి. హైదరాబాద్‌లో మే నెలలో పగలు 40 డిగ్రీలు తాకినా తెల్లవారుజామున 26, 27కి దిగుతుంది. ఆ చల్లగాలిని లోపలికి రానిస్తే గోడలు మర్నాటికి సిద్ధమవుతాయి. విశాఖలో పగటికి రాత్రికి ఏడెనిమిది డిగ్రీలకు మించి తేడా ఉండదు, పైగా ఉక్క. అక్కడ గోడ మందం కంటే గాలి ఆడటం ముఖ్యం, వరండాలు ముఖ్యం. దక్కన్‌లో పనికొచ్చింది కోస్తాలో పనికొస్తుందని గుడ్డిగా చెప్పడానికి లేదు.

మరి రాత్రి కిటికీలు తెరిచేదెవరు? సాయంత్రం ఐదుకు అటెండరు అన్నీ మూసి తాళం వేసుకుని వెళ్తాడు. తెరిచి వదిలితే దొంగలు, పావురాలు, దోమలు. కాబట్టి పాత డిజైన్ మళ్లీ పనిచేయాలంటే దానికి కావాల్సింది గ్రిల్లు, మెష్, పై కిటికీలు కిందినుంచే తెరిచే రాడ్లు, రాత్రి వాచ్‌మన్ డ్యూటీ చార్టులో ఒక లైను. ఎండ రాకుండా గాలి వచ్చే వాలు పలకల చెక్క తలుపులు ఉంటే వాటిని బాగుచేయాలి. వాటిని తీసేసి అద్దాల అల్యూమినియం కిటికీలు పెట్టిన రోజే ఆ గది ఓవెన్ అయిపోతుంది, తర్వాత ఏసీ నిజంగానే తప్పదు.

ఏసీ వచ్చాక భవనానికి జరిగేది కరెంటు బిల్లు ఒక్కటే కాదు. ఇరవై అడుగుల ఎత్తు గదిని చల్లబరచలేక ఫాల్స్ సీలింగు వేస్తారు, దాంతో పై కిటికీలు మూతపడతాయి. గోడకు నాలుగంగుళాల కన్నం పడుతుంది. బయట అవుట్‌డోర్ యూనిట్ బ్రాకెట్లు గచ్చులోకి దిగుతాయి. అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చెడ్డది, నీళ్ల పైపు. గోడ పక్కనుంచి వేలాడే ఆ తెల్ల పైపు చివర రోజంతా చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటుంది. మండు వేసవిలో, మిగతా గోడంతా ఎండి ఉన్నప్పుడు, ఆ ఒక్కచోట నాచు పడుతుంది. రెండేళ్లకు అక్కడ గచ్చు ఊడుతుంది. అప్పుడు ఎవరో వచ్చి సిమెంటు పూస్తారు.

పూర్తిగా వద్దనడం మొండితనమే. అరుదైన రాతప్రతులు, సర్వర్లు, ల్యాబులు ఉంటే చల్లదనం కావాలి. కానీ వాటిని పాత భవనంలోనే పెట్టాలని ఎక్కడుంది? క్యాంపస్‌లో కాంక్రీటు బ్లాకులు బోలెడు. ఎత్తైన గాలి గదుల్లో పాఠాలు, చదువుకునే హాళ్లు, సభలు పెట్టి, ఏసీ అవసరమైనవి కొత్త బ్లాకుల్లోకి మార్చడం ఖర్చు లేని పరిష్కారం. సోలార్ ప్యానెళ్లకూ ఇదే మాట. మీటరు క్యాంపస్ అంతటికీ ఒకటే అయినప్పుడు ప్యానెళ్లు హాస్టల్ డాబా మీద ఉన్నా ఆదా ఒకటే. మద్రాస్ టెర్రస్‌కు కన్నాలు పెట్టి అక్కడే బిగించాలనుకోవడం ఫొటో కోసమే. పాత గదిలో మార్చాల్సిందల్లా 75 వాట్ల ఫ్యాను. దాని బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, పొడుగు రాడ్డుకు. లైట్లు ఎల్ఈడీ. అంతే.

పరదేశీ పాఠాలు

గ్రీన్ పునరుద్ధరణ గురించి ఇంటర్నెట్‌లో దొరికేదంతా చలిదేశాల అనుభవం. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ 1930ల నాటి టెలిఫోన్ ఎక్స్చేంజి భవనాన్ని పునరుద్ధరించి, 2022లో తెరిచిన ఎంటోపియా బిల్డింగ్ అందులో మంచి ఉదాహరణ. పాత భవనాల కోసం పెట్టిన ఎనర్‌ఫిట్ అనే కఠినమైన ప్రమాణాన్ని అందుకుంది. కానీ ఆ ప్రమాణం సారాంశం లోపలి వేడి బయటికి పోకుండా సందులన్నీ బిగించడం. మనకు కావాల్సింది దాదాపు దానికి ఎదురు. అక్కడినుంచి నేర్చుకోవాల్సింది కొలిచే పద్ధతి. పని మొదలుపెట్టకముందే గదుల్లో వేడి, తేమ, కరెంటు ఏడాదిపాటు కొలిచి, పని అయ్యాక మళ్లీ కొలిచి పోల్చడం. మన దగ్గర పునరుద్ధరణ అయిన భవనాలకు 'ముందు', 'తర్వాత' ఫొటోలు బోలెడు ఉంటాయి, రీడింగులు ఉండవు.

గ్లాస్గో పాఠం వేరు. చార్లెస్ రెనీ మ్యాకింటోష్ డిజైన్ చేసిన గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ భవనం 1897, 1909 మధ్య కట్టింది. 2014 మే 23న విద్యార్థి ప్రాజెక్టు దగ్గర ప్రొజెక్టరు వేడికి వాయువు అంటుకుని నిప్పు పుట్టింది. పాత గాలి గొట్టాల గుండా అది భవనమంతా పాకింది. మంటలార్పే కొత్త వ్యవస్థ అప్పటికి బిగిస్తూ ఉన్నారు, ఇంకా ఆన్ కాలేదు. తర్వాత కోట్ల పౌండ్లతో పునరుద్ధరిస్తుండగా 2018 జూన్ 15న మళ్లీ అంటుకుని ఈసారి దాదాపు అంతా బూడిదైంది. పాత భవనానికి అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం దానికి మరమ్మతు జరిగే కాలమే. వెల్డింగు, పెయింటు థిన్నరు, తాత్కాలిక వైరింగు, రాత్రి ఎవరూ లేకపోవడం. టేకు దూలాల భవనంలో ఈ నాలుగూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గాలి కోసం ఉన్న దారులన్నీ నిప్పుకూ దారులే కాబట్టి, ఫైర్ డిటెక్టర్లు పని మొదటి రోజునే పెట్టాలి, చివరి బిల్లులో కాదు.

ర్యాంపులు, లిఫ్టు కూడా ఈ పద్దులోనివే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక అవి దయాదాక్షిణ్యం కాదు. ముందువైపు ఘనమైన మెట్లున్న భవనంలో లిఫ్టు కోసం లోపలి కప్పు కోయకుండా, వెనకవైపు విడిగా నిలబడే తేలికపాటి స్టీలు నిర్మాణంగా పెట్టొచ్చు. రేపు అక్కర్లేదనుకుంటే గోడకు గీత పడకుండా తీసేయొచ్చు.

టెండరు

ఇవన్నీ తెలియని విషయాలు కావు. ఇంజనీర్లకూ తెలుసు, ఆర్కిటెక్టులకూ తెలుసు. ఆగిపోయేది టెండరు దగ్గర.

ప్రభుత్వ పని ఎస్ఎస్ఆర్, అంటే ఒక్కో పనికి ప్రభుత్వం ఖరారు చేసిన రేట్ల పట్టిక, మీద నడుస్తుంది. ఎన్ని చదరపు మీటర్ల ప్లాస్టరింగు, ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు అని ముందే రాయాలి. పాత గోడ పరిస్థితి తెరిచి చూస్తే గానీ తెలియదు. పదడుగులు అనుకున్నది తెరిస్తే నలభై అడుగులు ఉండొచ్చు. అప్పుడు కాంట్రాక్టరు అదనపు బిల్లు పెడతాడు, ఆడిట్ అభ్యంతరం వస్తుంది, పని ఆగుతుంది. లేదా అతను తెరవకుండానే పైన పూసేస్తాడు. ఎల్-1 పద్ధతిలో తక్కువకు కోట్ చేసినవాడికే పని. వారాల తరబడి సున్నం నానబెట్టేవాడు తక్కువకు కోట్ చేయలేడు. మార్చి 31లోపు నిధులు ఖర్చుచేయాలనే హడావిడిలో, ఒక పొర ఆరేదాకా ఆగి ఇంకో పొర వేయాల్సిన పని ఎలా ఇముడుతుంది? సిమెంటు గెలుస్తున్నది మంచిదని కాదు. రేటు పట్టికకు, ఆర్థిక సంవత్సరానికి సరిగ్గా సరిపోతుందని.

మార్గం లేకపోలేదు. పనిని రెండు దశలుగా విడగొట్టి, మొదటి టెండరులో పరిశోధన, తెరిచి చూడటం, నమూనా ప్యానెళ్లు మాత్రమే పెట్టొచ్చు. అది అయ్యాకే అసలు పని పరిమాణం రాయాలి. కాంట్రాక్టరు అర్హతలో గతంలో చేసిన సున్నం పనిని చూపించమని అడగొచ్చు. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉంది గానీ, రేటు పట్టిక మారకుండా చట్టం ఒక్కటే గోడ మీద గచ్చు వేయలేదు.

దీనికంటే తేలికైనది, ఎవరూ చేయనిది, ఏటేటా మెయింటెనెన్సు. ఇరవై ఏళ్లకోసారి కోట్లు తెచ్చి చేసే పునరుద్ధరణకు శిలాఫలకం ఉంటుంది. మే నెలలో డాబా మీద ఆకులు ఊడ్చి, గొట్టాలు శుభ్రంచేసి, పగుళ్లు పూడ్చి, మొలకలు పీకే పనికి ఫలకం ఉండదు, బడ్జెట్ పద్దూ ఉండదు. కోఠి భవనం 2023లో తెరుచుకున్నప్పుడు వార్తలు బాగానే వచ్చాయి. ఆ గచ్చు 2043 దాకా నిలుస్తుందా అనేది ఈ పద్దు మీదే ఆధారపడి ఉంది.

నానబెట్టిన సున్నపు ముద్దను నీళ్ల కింద ఉంచితే ఏళ్ల తరబడి పాడవదు, పైగా మెరుగవుతుంది. క్యాంపస్‌లో ఓ మూల ఒక గొయ్యి, ఒక చిన్న మోటారు గానుగ, సున్నం పని తెలిసిన ఇద్దరు మేస్త్రీలకు ఏడాదంతా జీతం. వాళ్ల చేతికింద పని నేర్చుకోవడానికి సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఎలాగూ ఉన్నారు. రెండు గదుల ఏసీలకయ్యే కరెంటు, సర్వీసింగు ఖర్చును ఇటు మళ్లిస్తే, మే నెల మరమ్మతుకు కావాల్సిన సరుకు సిద్ధంగా ఉంటుంది.